వకీలు గోడు వినేదెవరు?

పాకాల: ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడట, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడట. కోర్టు మెట్లెక్కిన పల్లెవారందరూ ఎరిగిన మాట ఇది. అయితే ఈ మాటలో మూడో మనిషి ఊసు లేదు. ఓడినవాడి కాగితాలో, గెలిచినవాడి కాగితాలో చంకన పెట్టుకుని తిరిగే వకీలు సంగతేమిటి? ఆయనకు కష్టమొస్తే ఎక్కడికి పోయి ఏడవాలి?

వకీలుకేం తక్కువ, నల్లకోటు ఉంది, నలుగురిలో గౌరవం ఉంది అని కొందరు నవ్వవచ్చు. నవ్వి వదిలేసే సంగతి కాదిది. మన భూమి దస్తావేజులు, మన ఆడబిడ్డ భరణం కేసు, రోడ్డు ప్రమాదంలో కాలు పోయినవాడి నష్టపరిహారం, అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆ చెయ్యి వణికితే ముందుగా నష్టపోయేది మనమే.

పదిన్నరకు పిలుపు

కాట్పాడి, తిరుపతి, ధర్మవరం రైలు దారులు పాకాల జంక్షన్‌లో కలుస్తాయి. చుట్టుపక్కల ఊళ్ల తగాదాలు కలిసే చోటు మాత్రం ఇక్కడి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. పెద్దవాళ్లు దాన్ని ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అనే అంటారు. దామలచెరువు, నేండ్రగుంట, వల్లివేడు, మొగరాల వైపుల నుంచి బస్సుల్లో, ఆటోల్లో వచ్చిన కక్షిదార్లు పిలుపు కోసం చెవులు రిక్కించుకుని ఉంటారు. గట్టు తగాదా ఒకరిది, బావి నీళ్ల వంతు ఒకరిది, అన్నదమ్ముల పంపకం మరొకరిది.

వీరందరి మాటా వినవలసింది వకీలు. పొద్దున వాయిదాలు, మధ్యాహ్నం సాక్షుల విచారణ, సాయంత్రం ఆఫీసులో కొత్త కక్షిదార్లు, రాత్రికి మరునాటి కాగితాలు. ఫీజు మాట ఎత్తితే, మామిడి కోత అయ్యాక చూద్దాం సార్ అంటారు. ఆ కోత బాగుంటే సరే. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించవలసి వచ్చింది. రైతు చేతికి డబ్బు రాని ఏడు, ఆ రైతును నమ్ముకున్న వకీలు చేతికీ రాదు. ఆయనకూ ఇంటి అద్దె ఉంది, పిల్లల చదువులున్నాయి.

జూనియర్ల సంగతి మరీ కష్టం. పట్టా పుచ్చుకుని సీనియర్ వద్ద చేరిన కుర్రవాడికి తొలి ఏళ్లలో చేతిఖర్చుకైనా వస్తుందన్న భరోసా ఉండదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వడం మంచిదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. అది సలహా మాత్రమే, కట్టడి కాదు. కొడుకు ప్లీడరయ్యాడని ఊళ్లో చెప్పుకునే తండ్రిని బస్సు చార్జీ అడగవలసి రావడం ఆ కుర్రవాడికి ఎంత నామర్దాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇతరుల దుఃఖం మోసేవాడు

డబ్బు ఒక్కటే కాదు. హత్య కేసులో శవపరీక్ష నివేదిక వాక్యం వాక్యం చదవాలి. పసిపిల్లపై జరిగిన అఘాయిత్యం కేసులో ఆ పిల్ల చెప్పినదంతా వినాలి. విడాకుల కేసులో ఇరువైపుల బూతులూ వినాలి. ఇంత విని, ఇంటికి పోయి భార్యకు చెప్పరాదు. స్నేహితుడికి చెప్పరాదు. కక్షిదారు గుట్టు బయటపెట్టకపోవడం ఆయన వృత్తి ధర్మం.

ఇలా పేరుకున్న బరువు ఏదో ఒక దారిన బయటపడుతుంది. కొందరికి నిద్ర పట్టదు. కొందరు ఉన్నట్టుండి గుమాస్తా మీద, ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటారు. కొందరు కేసు కట్ట విప్పడానికే భయపడి, రేపు చూద్దామని పక్కన పెడతారు. కొందరు సాయంత్రానికి సీసా పట్టుకుంటారు. మొదట అలసటకని మొదలై, తర్వాత అదే జబ్బవుతుంది.

ఇది మన ఊరి బలహీనత కాదు, ఈ వృత్తికే అంటుకున్న బాధ. అమెరికాలో 12,825 మంది వకీళ్లను విచారించి 2016లో వెల్లడించిన పరిశీలనలో నూటికి 21 మందికి తాగుడు చిక్కుగా మారినట్టు, 28 మందిలో కుంగుబాటు లక్షణాలున్నట్టు తేలింది. వృత్తిలో చేరిన తొలి పదేళ్లలోని వారిలోనే తాగుడు బాధ ఎక్కువట. సాయం ఎందుకు కోరలేదని అడిగితే ఎక్కువమంది చెప్పిన కారణాలు రెండు. తమకు సాయం కావలసి వచ్చిందని నలుగురికీ తెలుస్తుందన్న వెరపు ఒకటి. చెప్పిన మాట గుట్టుగా ఉండదన్న అనుమానం రెండోది.

కాబట్టి మందు లేక కాదు, డాక్టరు లేక కాదు, గుట్టు నిలుస్తుందన్న నమ్మకం లేక మనుషులు ఆగిపోతున్నారు. అసలు కీలకం ఇక్కడే ఉంది.

వాయిదా తప్పితే

వకీలు కుంగిపోతే కక్షిదారుకు ఏమవుతుందో చూద్దాం. ఒక రైతు మీద భూమి దావా పడింది అనుకోండి. ఆయన వకాలతు ఇచ్చి వచ్చాడు. వకీలు ఆరోగ్యం బాగాలేక మూడు వాయిదాలు కోర్టుకు పోలేదు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. కోర్టు ఎంతని ఎదురు చూస్తుంది? ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. అమీనా ఇంటి ముందు నిలబడితే తప్ప రైతుకు సంగతి తెలియదు. మామూలుగా అటువంటి డిక్రీని రద్దు చేయమని కోరడానికి గడువు 30 రోజులే. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపి కోర్టును ఒప్పించుకోవాలి.

ఈ విషయంలో పల్లెవారికి ఊరట కలిగించే తీర్పు ఒకటి ఉంది. 1981లో రఫీక్, మున్షీలాల్ కేసులో వకీలు రాకపోవడం వల్ల అలహాబాదు హైకోర్టులో అప్పీలు పోగొట్టుకున్న కక్షిదారు సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. వకీలును పెట్టుకుని, ఫీజిచ్చి, చేయవలసిందంతా చేసిన పల్లెటూరి మనిషిని వకీలు తప్పుకు శిక్షించరాదని జస్టిస్ డి.ఎ. దేశాయ్ తీర్పు చెప్పారు. అప్పీలును తిరిగి విచారణకు పంపారు. ఖర్చుల కింద 200 రూపాయలు రాని వకీలు నుంచే రాబట్టాలన్నారు. అయితే ఇది అందరికీ, అన్ని వేళలా వర్తించే సూత్రం కాదని సుప్రీంకోర్టే 1993లో మరో కేసులో స్పష్టం చేసింది. అంటే, తప్పిన వాయిదాను దిద్దుకోవచ్చునేమో గాని, అందుకు మళ్లీ ఖర్చు, మళ్లీ ఏళ్లు. వాయిదా తప్పకముందే వకీలుకు ఆసరా దొరికితే ఈ తిప్పలే ఉండవు.

ఎవరి గుట్టుకు ఎంత రక్షణ

కక్షిదారు తన వకీలుకు చెప్పుకున్న మాటకు చట్టం గట్టి కంచె వేసింది. 1872 సాక్ష్య చట్టంలోని 126వ సెక్షన్, ఇప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియమంలోని 132వ సెక్షన్ ఆ కంచె. కొన్ని మినహాయింపులు తప్ప, కక్షిదారు అనుమతి లేనిదే వకీలు ఆ మాట బయటపెట్టరాదు. ఆ మినహాయింపుల కిందికి రానప్పుడు, కక్షిదారు వివరాలు చెప్పమని దర్యాప్తు అధికారులు వకీళ్లకు సమన్లు పంపరాదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న తీర్పు చెప్పింది.

వకీలు డాక్టరుకు చెప్పుకున్న మాటకూ రక్షణ ఉంది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్‌లో, చికిత్స పొందే మనిషి వివరాలు గుట్టుగా ఉంచడం ఆ మనిషి హక్కు అన్నది. అదే చట్టం 115వ సెక్షన్‌లో, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలే తప్ప నేరస్థుడిగా శిక్షించరాదన్నది. మానసిక వైద్యం చేయించుకుంటే సనదు పోతుందన్న భయం కొందరికి ఉంది. 1961 అడ్వకేట్ల చట్టం చెప్పిన అనర్హతల్లో వైద్యం చేయించుకోవడం లేదు. నలుగురికి చట్టం చెప్పే మనిషికి తన కష్టం వచ్చేసరికి ఈ మాట గుర్తుకు రాకపోవడం విచారకరం.

ఇక మిగిలింది తోటి వకీలుతో చెప్పుకునే మాట. టీ అంగడి వద్ద స్నేహితుడితో చెప్పుకున్న దానికి 132వ సెక్షన్ కంచె లేదు. ఎందుకంటే అక్కడ ఒకరు కక్షిదారూ కాదు, మరొకరు ఆయన వకీలూ కాదు. విన్నవాడి మంచితనమే ఆధారం. అందుకే తోటివారి ఆసరా అనేది ఊరికే స్నేహంగా వదిలేయకుండా, రాసుకున్న కట్టుబాటుగా ఉండాలి.

ఇతర దేశాల అనుభవం

ఈ కట్టుబాటును కొన్ని దేశాలు ముందే నేర్చుకున్నాయి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు కలుసుకుని, తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుగా నిలిచారు. ఒకరు న్యాయశాస్త్రం చదివీ పట్టా పుచ్చుకోలేకపోయిన బిల్ విల్సన్, రెండోవారు సర్జన్ బాబ్ స్మిత్. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థకు పునాది. పేరు బయటపెట్టకపోవడం దాని ముఖ్య నియమాల్లో ఒకటి. ఆ బాటలోనే 1975లో తాగుడు బాధ ఉన్న వకీళ్లు కొందరు తమలో తాము ఒక అంతర్జాతీయ బృందంగా ఏర్పడ్డారు. 1988లో అమెరికన్ బార్ అసోసియేషన్ ఈ పనికి ప్రత్యేక కమిషన్‌నే నియమించింది.

వారి నియమావళిలో ఒక సూక్ష్మం ఉంది. తోటి వకీలు పెద్ద తప్పు చేసినట్టు తెలిస్తే ఫిర్యాదు చేయాలన్నది అక్కడి ఆదర్శ నియమం. కాని వకీళ్ల సహాయ కార్యక్రమంలో చెవిన పడిన మాటకు ఆ నియమం వర్తించదని అందులోనే రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యం లేకుంటే ఎవరూ నోరు విప్పరని వారికి తెలుసు.

బ్రిటన్‌లో 1997 నుంచి లాకేర్ అనే ధర్మసంస్థ వకీళ్ల గోడు వింటున్నది. వకీళ్లకే కాదు, ఆఫీసులో పనిచేసే గుమాస్తాలకూ దాని ఆసరా ఉంది. జడ్జీల సంగతీ ప్రపంచం పట్టించుకుంటున్నది. ఏటా జూలై 25ను న్యాయమూర్తుల శ్రేయస్సు దినంగా పాటించాలని ఐక్యరాజ్య సమితి 2025 మార్చిలో తీర్మానించింది.

చిన్న ఊరి చిక్కు

లండను, న్యూయార్కు పద్ధతిని ఉన్నదున్నట్టు పాకాలకు తెచ్చి పెట్టలేం. ఇక్కడ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండదు. ఈ రోజు గోడు విన్న వకీలే రేపు ఎదుటి పక్షాన నిలబడతాడు. మానసిక వైద్యుడి గది బయట కూర్చున్న వకీలును పక్క ఊరి కక్షిదారు చూస్తే, సాయంత్రానికి బస్టాండులో ఆ మాట నాలుగు చేతులు మారుతుంది. ఆయనకు పిచ్చట అన్న ఒక్క మాట చాలు, కేసులన్నీ వేరొకరి ఆఫీసుకు నడిచిపోవడానికి.

అందుకు విరుగుడు లేకపోలేదు. గోడు వినే తోటి వకీలు అదే కోర్టువాడు కాకుండా చూడడమే విరుగుడు. పాకాల వకీలు మాట మదనపల్లెలో ఒకరు వినవచ్చు. పీలేరు వారి మాట చిత్తూరులో, పుంగనూరు వారి మాట శ్రీకాళహస్తిలో వినవచ్చు. ఫోనుంటే ఎదురుపడే పనే లేదు. నాలుగైదు ఊళ్ల న్యాయవాదుల సంఘాలు కలిసి, ఊరికి ఇద్దరు చొప్పున ఓర్పు గలవారిని ఎంచి, మానసిక వైద్యుల చేత తర్ఫీదు ఇప్పిస్తే ఈ ఏర్పాటు నిలబడుతుంది. పెద్ద ఖర్చు కూడా కాదు.

కట్టుబాట్లు కొద్దివే చాలు. వినేవాడు పేరు రాసుకోరాదు. విన్నది సంఘం పెద్దలకైనా చెప్పరాదు. తీర్పు చెప్పే గొంతుతో మాట్లాడరాదు. వకీలుకు వాదించడం అలవాటు, వినడం అలవాటు చేసుకోవాలి. తాను డాక్టరు కాదని మరువరాదు, అవసరమైతే డాక్టరు దాకా తోడు పోవాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం గుట్టు కన్న ప్రాణం ముఖ్యం. అప్పుడు కుటుంబానికో డాక్టరుకో చెప్పక తప్పదని, ఆ సంగతి మొదటి రోజే ముందుగా చెప్పి ఉంచాలి.

మరొకటి. కుంగిన మనిషిని ఓదార్చి పంపితే సగం పనే అయినట్టు. ఆయన టేబులు మీద రేపటి వాయిదాలున్నాయి. ఆయన ఒప్పుదలతో, కక్షిదార్లకు చెప్పి, నమ్మకమైన తోటివాడు కొన్నాళ్లు ఆ కేసులు చూస్తే ఆయనకూ ఊపిరి ఆడుతుంది. వాయిదా తప్పలేదని కక్షిదారుకు తెలిస్తే చాలు, జబ్బు పేరు తెలియనక్కరలేదు. అయితే గుట్టు అనేది తప్పును దాచే ముసుగు కారాదు. కక్షిదారు సొమ్ము వాడుకున్నా, కాగితాలు పోగొట్టినా బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకునే హక్కు ఎప్పటిలాగే ఉంటుంది.

ఇప్పుడే అందే సాయం

ఆ ఏర్పాటు జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. 14416 నెంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తాగుడు, మత్తు మానదలచిన వారికి 14446 నెంబరు ఉంది. ఈ రెండూ వకీళ్లకే కాదు, రైతుకూ, కూలీకీ, ఇల్లాలికీ కూడా పనికివచ్చేవే.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కాట్పాడి రైలెక్కితే వేలూరు చేరువ. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల వారు 1957లోనే బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రాన్ని నెలకొల్పారు. రోగిని ఒంటరిగా బంధించకుండా, ఇంటివారిని తోడు ఉంచుకుని వైద్యం చేయడంలో దేశానికి దారి చూపిన కేంద్రాల్లో అదొకటి. గుండె నొప్పికి వేలూరు పోయినప్పుడు ఎవరూ సిగ్గుపడరు. మనసు నొప్పికి పోవడానికి సిగ్గెందుకు?

వకీళ్ల కోసం 1987లో రాష్ట్రంలో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. వకాలతుపై అంటించే స్టాంపు సొమ్ము ఆ నిధికే చేరుతుంది. వకీలు మరణిస్తేనో, వృత్తి విరమిస్తేనో కుటుంబానికో ఆయనకో ఆ నిధి అక్కరకు వస్తుంది. మంచిదే. కాని పోయాక ఇచ్చే సొమ్ముతో పాటు, ఉన్నప్పుడు వినే చెవి కూడా కావాలి కదా.

కక్షిదార్లు చేయవలసినది

ఇందులో పల్లెవారి పాత్ర కూడా ఉంది. ముందుగా, కేసు మొత్తం వకీలు మీద వదిలేసి మామిడి తోపులో కూర్చోరాదు. ప్రతి కేసుకూ సి.ఎన్.ఆర్. నెంబరు అని 16 అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తు ఒకటి ఉంటుంది. దానిని వకీలు వద్దో గుమాస్తా వద్దో అడిగి రాసిపెట్టుకుంటే, ఈ కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ ఇంట్లోని చదువుకున్న పిల్లలే చూసి చెబుతారు. వకీలు రెండు వాయిదాలు వరుసగా రాకపోతే ఊరంతా చాటక, నేరుగా ఆఫీసుకు వెళ్లి, ఒంట్లో బాగుందా సార్ అని అడగాలి. ఆ ఒక్క పలకరింపు ఎన్నో ఫిర్యాదుల కన్న మేలు చేయవచ్చు. ఆయన కాస్త వెసులుబాటు కావాలంటే, కేసు చూసే మరొకరి పేరు అడిగి తెలుసుకోవాలి. ఒప్పుకున్న ఫీజు, ఒప్పుకున్న నాటికి ఇవ్వడం కూడా ఆసరాయే.

కుంగిన మనిషికి పిచ్చి అన్న ముద్ర వేయడం మానాలి. జ్వరం వచ్చి తగ్గినట్టే కుంగుబాటూ వైద్యంతో తగ్గుతుంది. తగ్గాక మళ్లీ నల్లకోటు తొడుక్కుని మన కేసు వాదించేదీ ఆ మనిషే.

న్యాయవాదుల సంఘాలు ఏటా ఎన్నికలు జరుపుకుంటున్నాయి, డిసెంబరు 3న న్యాయవాదుల దినోత్సవం జరుపుకుంటున్నాయి. రానున్న దినోత్సవానికి దండలు, సన్మానాలతో పాటు, గోడు వినే ఇద్దరి పేర్లూ ఒక ఫోను నెంబరూ ప్రకటిస్తే అంతకన్న మంచి సన్మానం వేరే ఉండదు. పాకాల వంటి చిన్న కోర్టే ముందడుగు వేస్తే పెద్ద కోర్టులు వెనకే వస్తాయి. ఊరందరి గుట్టు కడుపులో దాచుకునే మనిషికి, తన గుట్టు దాచుకునే చోటు ఒకటి కల్పించడం ఆ ఊరి బాధ్యత కూడా.